తరుగుదల

జూలై ఆఖరి వారం.
మిర్యాలగూడలో సాగర్ రోడ్డు మీది మా గదికి
కిటికీ తెరిస్తే ఊక బూడిద వచ్చి ఫారాల మీద వాలుతుంది,
మూస్తే ఉడికిన వడ్ల వాసన లోపలే ఇరుక్కుంటుంది.
తెరిచే ఉంచాను.

బొడ్డు సైదులు రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు.
కనురెప్పల మీద ఇంకా బూడిద.
ఒక చేతిలో ఫారం పదహారు,
రెండో చేతిలో మూతికి రబ్బరు బ్యాండు చుట్టిన
పాత బట్టలషాపు కవరు.
"మేడమ్, గివి గూడ రాయుండ్రి."

కవర్లోంచి అతని ఏడాది టేబుల్ మీదికి జారింది.
ఫస్ట్ క్లాస్ బాయిలర్ పరీక్షకు కట్టిన చలానా.
ముప్పై ఆదివారాల హైదరాబాద్ బస్సు టికెట్లు.
కోచింగ్ సారు చేతిరాత రసీదు,
అంకె చిన్నది, సంతకం మాత్రం పెద్దది.
డాక్టరు కళ్ళు చూసి ఇచ్చిన కాగితం,
దాని వెనకే కళ్ళద్దాల బిల్లు.
కూడితే నలభై ఒక్క వెయ్యి మూడు వందలు.
"చాయలు రాయలే" అన్నాడు.

అన్నీ తీసేయగా అతని ఆదాయం
ఐదు లక్షల ముప్పై ఎనిమిది వేలు.
ఆ ఏటి చట్టంలో ఐదు లక్షల దగ్గర ఒక గట్టు ఉంది.
గట్టుకు ఇవతల సున్నా.
అవతల ఇరవై వేల తొమ్మిది వందల నాలుగు.
ఆ కవరు లెక్కలోకి వస్తే
మనిషి గట్టు దిగి ఇంటికి పోతాడు.

రాదు.

నెలజీతం మనిషికి అందరితోపాటు ఒకే కొలత,
యాభై వేలు, ముందే కోసి పెట్టారని చెప్పాను.
"పిల్లల స్కూలు ఫీజయితే రాయొచ్చు సైదులూ."
"నా బిడ్డది సర్కారు బడి."
"కాలేజీ చదువుకు బ్యాంకు అప్పయితే, వడ్డీ వరకు..."
"మా అక్క చిట్టి ఎత్తిచ్చింది మేడమ్."
కాసేపు ఫ్యాను వైపు చూశాడు.
"మా నాయిన బతికుండి, నాకు ఫీజు కడితే?"

నవ్వబోయి ఆగాను.
పదిహేనేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న.
తండ్రి చదివిస్తే చదువు అంటుంది కాగితం.
తనను తాను చదివించుకుంటే
సొంత ఖర్చు అంటుంది,
సినిమాకు పోయినట్టు.

అతను నడిపే బాయిలర్ లెక్క కూడా
నా బీరువాలోనే ఉంది, పై అరలో, మిల్లు పేరుతో.
దానికి ట్యూబులు మార్చారు, రాశాను.
గాస్కెట్లు, రాశాను.
దాన్ని పరీక్షించడానికి ఇన్‌స్పెక్టర్ వస్తే
కట్టిన ఫీజు, అదీ రాశాను.
ఉన్నచోటనే ఉండి పాతబడినందుకు
ఏటేటా తరుగుదల.
ఇనుముకు వయసొస్తుందని చట్టానికి తెలుసు.

ఒకరి ఫైలు ఇంకొకరి ముందు విప్పకూడదు.
విప్పలేదు.
అతనే అన్నాడు, కవరుకు రబ్బరు బ్యాండు చుడుతూ:
"బాయిలర్ పరీక్షల ఫెయిలైతే మిల్లు ఆగుతది.
నేను ఫెయిలైతే ఇంకోడొస్తడు."
"పాసయినవు గదా!"
"రెండోసారికి. మొదటిసారి చలానా తేలే,
సిగ్గనిపిచ్చి."

పన్ను కట్టించాను, సంవత్సరం తప్పు పడకుండా
రెండుసార్లు చూసి.
నా ఫీజు మూడు వందలు తీసుకున్నాను.
తీసుకోకపోతే బాగుండునని సాయంత్రం అనిపించింది,
అప్పటికి సొరుగుకు తాళం వేసేశాను.
నిజం చెప్పాలంటే, తాళంచెవి చేతిలోనే ఉంది.

గది ఊడుస్తుంటే టేబుల్ కింద ఒక బస్సు టికెట్.
వెనకవైపు పెన్సిల్ రాత,
చౌటుప్పల్ దగ్గరి కుదుపులకేమో
అక్షరాలు వంకర్లు పోయాయి.
'ఆవిరి పెరిగితే భయపడొద్దు.
ముందు నీళ్ళు చూడాలె.'

ఏ ఫైల్లో పెట్టాలో తోచలేదు.
మిల్లు కూత వేసింది.
అతను మళ్ళీ డ్యూటీ ఎక్కే వేళ.
నాకింకా పద్నాలుగు రిటర్నులున్నాయి.
టికెట్టును క్యాలిక్యులేటర్ కింద పెట్టి
తర్వాతి పేరు పిలిచాను.